అప్‌డేట్: రోజూ మూడు గంటలు తినే ఆట మానేయాలా అని అడిగాను కదా, మానేశాను

కావలి ఫ్రెండ్స్ నలుగురం ఆడే మొబైల్ గేమ్‌లో ఎంత ఆడినా ఆయుధం లెవెల్ పెరగడం లేదని, మానేస్తే గ్యాంగ్‌కి దూరమవుతానేమోనని పోయిన నెల అడిగాను. ముందు టైమ్ రాసుకోమని ఒకరన్నారు. రాశాను. వారానికి 19 గంటలు. ఎదుటి టీమ్‌తో తలపడింది అందులో 5 గంటలు కూడా లేదు. మిగతాదంతా డైలీ మిషన్లు, ఇనుము తవ్వడం.

ఆదివారం అమ్మ చేపల పులుసు వడ్డిస్తుంటే నా ఎడమ బొటనవేలు స్క్రీన్ మీద అదే బండను కొడుతూనే ఉంది. అన్నం చల్లారిపోయింది. అమ్మ ఒక్క మాట అనలేదు. ఆ రాత్రే తీసేశాను.

గ్యాంగ్ ఎక్కడికీ పోలేదు. బీటెక్‌లో కొన్న ల్యాప్‌టాప్‌లు ఉన్నాయిగా, శనివారం రాత్రి కౌంటర్ స్ట్రైక్ 2 అనే టీమ్ షూటింగ్ గేమ్ ఆడుతున్నాం. 2023లో వచ్చింది, ఫ్రీగానే ఆడొచ్చు. కాంపిటీటివ్ మ్యాచ్‌లో అందరూ 800 డాలర్ల గేమ్ డబ్బుతోనే మొదలుపెడతారు. వెయ్యి గంటలు ఆడినవాడి ఏకే-47కీ నా ఏకే-47కీ దెబ్బలో తేడా లేదు, స్కిన్లు, అంటే తుపాకీ మీది రంగులూ డిజైన్లూ, అందానికే.

కష్టపడటం నాకు ఇష్టమే. ఎదుటి టీమ్‌కి కనపడకుండా పొగ కమ్మించే స్మోక్ గ్రెనేడ్ ఒక్కటి సరిగ్గా వేయడానికి వారం ప్రాక్టీస్ చేశాను. ఆ పనితనం నా చేతిలో ఉంటుంది, ఆటలో కొత్త సీజన్ మొదలైతే పోదు. మాలో ఒకడు ఇంకా పాత ఆటలోనే ఉన్నాడు, శనివారం మాత్రం మాతో కూర్చుంటాడు.