ఎగువ ఊరితో వరద గురించి మాట్లాడటం ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: దిగువగట్టు

మాది నదికి దిగువన ఉన్న ఊరు. పై ఊరివాళ్లు తమ కరకట్ట ఎత్తు పెంచారు. ఇదివరకు వాళ్ల పొలాల్లో పరుచుకునే నీరు ఇప్పుడు నేరుగా మా మీదికి వస్తోంది. మావాళ్లలో కొందరు కోర్టుకు వెళదామంటున్నారు, కొందరు మన కట్ట కూడా పెంచుదామంటున్నారు. నాకైతే వాళ్లతో కూర్చుని మాట్లాడాలని ఉంది. ఏమని మొదలుపెట్టాలి?

జవాబు: నీటిమట్టం

నదుల మట్టాలు నమోదు చేయడమే నా ఉద్యోగం. నా సలహా ఒక్కటే, కట్ట సంగతి మొదటి రోజే ఎత్తకండి. ముందు కబురు అడగండి. పైన నీరు ఏ మట్టానికి చేరితే ఫోను రావాలి, ఎవరు చేయాలి, అర్ధరాత్రి మీవైపు ఎవరూ ఎత్తకపోతే తరువాత ఎవరికి చేయాలి? ఇంతవరకే. ఇందులో వాళ్లు పోగొట్టుకునేదేమీ లేదు.

నేపాల్ నుంచి బీహార్‌లోకి పారే రాతు నది మీద ఇలాంటి ఏర్పాటే చేశారు. ఎగువన నేపాల్ వైపు మట్టం చూసే పరికరం, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి. 2017 వరదలో ఆ కబురు సరిహద్దు దాటి దిగువ గ్రామాలకు ముందే చేరింది.

దానితోపాటు ప్రతి వరదకూ రెండు ఊళ్లలో నీరు గరిష్ఠ మట్టానికి చేరిన సమయాలు రాసుకోండి. ఆ తేడాయే మీ చేతిలో ఉండే వ్యవధి. పొలాల్లో పరుచుకున్న వరద నిదానంగా దిగుతుంది, కట్టల మధ్య ఇరుకున పడ్డది ఉరికి వస్తుంది. కట్ట పెంచకముందు వరదల సమయాలతో పోలిస్తే, ఆ వ్యవధి ఎంత తగ్గిందో ఆ కాగితమే చెబుతుంది. ఆవేశంగా వాదించాల్సిన అవసరం ఉండదు.

జవాబు: మెరకపొలం

నాది ఎగువన పొలం. మీ పొలం మునిగితే ఆ ఊరు బతుకుతుందని చెప్పడానికి చాలామంది వచ్చారు. మునిగిన పంటకు ఎవరు డబ్బిస్తారో చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. ఫోను చేయమంటే సంతోషంగా చేస్తాను. కట్ట దించమంటే మాత్రం ఒప్పుకోను.

జవాబు: నీటిమట్టం

మీ మాట న్యాయమండీ. మీ పొలం నీటిని ఆపి ఉంచితే అది దిగువ ఊరికి చేసే పని, దానికి ప్రతిఫలం ఉండి తీరాలి. అది లేకుండా అడిగే సహకారం నిలవదు.

అయితే పొలాలు ముంచడం ఒక్కటే దారి కాదు. ఇంగ్లండ్‌లోని పికరింగ్ పట్టణానికి ఎగువన వాగుల్లో దుంగలతో చిన్న అడ్డుకట్టలు వేశారు, చెట్లు నాటారు, నీరు తాత్కాలికంగా నిలిచేలా ఒక గట్టు కట్టారు. 2015 డిసెంబరు వరదలో గరిష్ఠ ప్రవాహం 15–20 శాతం తగ్గిందని లెక్కగట్టారు. అంతకన్నా చాలా పెద్ద వరదకు ఇవి చాలవు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఒక హెచ్చరిక. మధ్యలో ఉపనది ఏదైనా కలుస్తుంటే దాని వరద ఎప్పుడు వస్తుందో కూడా చూడాలి. ఎగువ రైన్ నది మీద బ్యారేజీలు, కట్టలు కట్టాక స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నుంచి జర్మనీలోని కార్ల్స్‌రూహె చేరడానికి రెండు రోజులకు పైగా పట్టే వరద దాదాపు ఒక్క రోజులో చేరసాగింది. దాంతో అది నెకర్ ఉపనది వరదతో ఒకేసారి కలిసే ప్రమాదం పెరిగింది. చివరికి 1982లో ఫ్రాన్స్, జర్మనీ ఒప్పందం చేసుకుని వరద నీటిని కాసేపు నిలిపే స్థలాలు ఏర్పాటు చేయవలసి వచ్చింది. మీ నదిలో నీటిని ఆపి వదిలితే అది ఆలస్యంగా వెళ్లి ఉపనది వరదతో ఒకేసారి కలవవచ్చు కూడా. లెక్క చూడకుండా ఆపవద్దు.

దిగువగట్టు

ముందు కబురు గురించే మాట్లాడతాను. పరిహారం దాకా వస్తే, మొత్తం ముందే ఖరారు చేయాలా, మునిగాక లెక్కకట్టాలా?

నీటిమట్టం

ముందే. ఎకరాకు ఎంత, నీరు ఎన్ని రోజులు నిలిస్తే ఎంత, ఎన్నాళ్లలో చెల్లించాలి అన్నీ విత్తనం వేసేలోపే రాసుకోండి. ఇసుక మేట తీసే ఖర్చు కూడా అందులో చేర్చండి. పంట నష్టం మీదే అందరి దృష్టీ ఉండి అది జారిపోతుంది.

మెరకపొలం

ఇసుక మేట మాట రాతలో ఉంటే నేను కూర్చుంటాను.