తిరుగు టికెట్ హీట్స్ రోజుకే ఎందుకు తీస్తున్నాం?

హన్మకొండ పీడీ:
అందరికీ నమస్కారం. ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా చేరి ఏడాదిన్నర అయింది. మొన్న ఇంటర్ యూనివర్సిటీ అథ్లెటిక్స్‌కు పిల్లలతో మేనేజర్‌గా వెళ్లాను. కాజీపేటలో రైలెక్కాక టికెట్లు చూస్తే, తిరుగు ప్రయాణం హీట్స్ (తొలి రౌండ్ పరుగులు) జరిగే రోజు రాత్రికే ఉంది. ఎందుకని ఫోన్ చేసి అడిగితే, "మనోళ్లు హీట్స్ దాటరు కదా సార్, రూమ్ అద్దె దండగ" అన్నారు. చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు. ఏళ్లుగా అలాగే జరుగుతోంది.

400 మీటర్లలో మా అమ్మాయి ఒకరు హీట్స్‌లో రెండో స్థానంలో వచ్చి సెమీస్‌కు వెళ్లింది. నేను పరుగెత్తుకుంటూ దగ్గరికి పోతే ఆ పిల్ల అడిగిన మొదటి మాట, "సార్, మరి ట్రైన్?" ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఇద్దరి టికెట్లు రద్దు చేసుకుని రెండు రోజుల తర్వాత జనరల్ బోగీలో వచ్చాం. సెమీస్‌లో ఆరో స్థానం.

పార్టిసిపేషన్ సర్టిఫికెట్ వస్తే చాలు అనే ఈ అలవాటును మీరెవరైనా మార్చగలిగారా? ఎలా మొదలుపెట్టారు?

పరకాల 800:
నేను 2009లో డిగ్రీలో చేరినప్పుడు మాకూ ఇదే. గ్రౌండ్‌కు వచ్చేవాళ్లలో సగం మంది కానిస్టేబుల్ సెలక్షన్ల కోసమే. అందులో తప్పేం లేదు, నేనూ అందుకే వచ్చాను. కానీ అక్కడ పాస్ అయితే చాలు కాబట్టి, పాస్ టైమింగ్ దగ్గరే ఆగిపోయేవాళ్లం.

మా సార్ ఉపన్యాసాలు ఇవ్వలేదు. స్టోర్‌రూమ్ గోడ మీద చాక్‌పీస్‌తో అందరి పేర్లు, టైమింగ్‌లు రాశారు. ఎవరినీ పక్కవాడితో పోల్చలేదు. "నీ పాత అంకె, నీ కొత్త అంకె" అనేవారు, అంతే. నా 800 మొదట 2 నిమిషాల 14 సెకన్లు. రెండేళ్లకు 2 నిమిషాల 3 సెకన్లు. మెడల్ రాలేదు కానీ ఆ గోడ నాకు ఇప్పటికీ గుర్తే.

నాలుగొందల అక్క:
సార్, ఆ అమ్మాయి ట్రైన్ గురించి అడిగిందని చదివి కళ్లు తడిశాయి.

తక్కువ ఆశ పరుగులోనే కనిపిస్తుంది. చివర్లో కాళ్లు పట్టేసి అందరి ముందూ పరువు పోతుందని నేను మొదటి 200 భయంభయంగా పరుగెత్తేదాన్ని. 34 సెకన్లలో దాటి, ఆఖర్లో ఇంకా ఊపిరి మిగిలి ఉండగానే రేసు అయిపోయేది. మా కోచ్ 300 మీటర్లు మూడుసార్లు, మధ్యలో ఎనిమిది నిమిషాల విశ్రాంతితో వేయించేవారు. మూడోది ప్రతిసారీ నరకమే. అయితే కాళ్లు పట్టేసినా మనిషి పడిపోదని అప్పుడే తెలిసింది.

2021 సెప్టెంబర్‌లో హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగినప్పుడు మా జూనియర్లను తీసుకెళ్లాను. రేసులకన్నా వార్మప్ చూడమన్నాను. మన పిల్లలు రెండు రౌండ్లు కొట్టి లైన్ మీదికి వస్తారు, వాళ్లు గంట ముందు నుంచే ఒళ్లు సిద్ధం చేసుకుంటున్నారు. ఇంకొకటి చెప్పండి మీ పిల్లలకు: పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 మేలో జపాన్‌లోని కోబేలో టీ20 (మేధో వైకల్యం ఉన్నవాళ్ల విభాగం) 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. కల్లెడ మనకెంత దూరం?

ములుగు పీఈటీ:
అన్నీ నిజమే. కానీ కడుపు సంగతి ఎవరూ ఎత్తలేదు. రాత్రి ఏడున్నరకు హాస్టల్‌లో తిన్న పిల్ల, పొద్దున ఐదున్నరకు ఖాళీ కడుపుతో గ్రౌండ్‌కు వస్తుంది. టిఫిన్ తొమ్మిదికి. ఆ పిల్లను పట్టుకుని ఇంకా గట్టిగా పరుగెత్తమంటే అది అన్యాయం.

నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఇద్దరు అమ్మాయిలను బద్ధకం అని ఆరు నెలలు కోప్పడ్డాను. తర్వాత పీహెచ్‌సీలో రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఒకరికి 9, ఇంకొకరికి 8.6. ఆడపిల్లలకు 12 ఉండాలి. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసి, మాత్ర వేసుకునే వేళకు టీ తాగొద్దన్నారు. మూడు నెలలు దాటాక వాళ్ల నడకే మారింది. సార్, ముందు రక్తపరీక్ష చేయించండి. గోడ మీద అంకెలు తర్వాత రాయొచ్చు.

పరకాల 800:
ములుగు సార్ మాట ముమ్మాటికీ నిజం. మా సార్ పొద్దున అరటిపండు, నానబెట్టిన పల్లీలు తెచ్చేవారు. నేను రాయడం మర్చిపోయాను.

హన్మకొండ పీడీ:
అందరికీ రుణపడి ఉంటాను. సోమవారం పదకొండు మంది పిల్లలను రక్తపరీక్షకు తీసుకెళ్తున్నా. పల్లీలకు నేను, ఇద్దరు లెక్చరర్లు కలిసి డబ్బులు వేసుకున్నాం. ఈసారి తిరుగు టికెట్లు ఫైనల్స్ మర్నాటికి అడిగాను. ప్రిన్సిపల్ గారు కాగితం రెండుసార్లు చూసి సంతకం పెట్టారు. ఆ అమ్మాయికి చెబితే ఏమీ మాట్లాడలేదు, మర్నాడు పది నిమిషాలు ముందే గ్రౌండ్‌కు వచ్చింది.

పరకాల అన్నా, టైమ్ ఎన్ని రోజులకోసారి తీసేవారు?

పరకాల 800:
రెండు వారాలకోసారి, శనివారం. వారం వారం తీస్తే ప్రాక్టీస్ మొత్తం పరీక్షలా అయిపోయి పిల్లలకు టెన్షన్ పట్టుకుంటుంది సార్. వర్షం పడి గ్రౌండ్ మెత్తగా ఉన్న రోజు అసలే తీయొద్దు.