టీచర్ల సమ్మె మొదలైతే పాపను బడికి పంపాలా?

మేం కాలిఫోర్నియాలో ఉంటాం. పాప ప్రభుత్వ బడిలో రెండో తరగతి. జీతాలు, హెల్త్ ఇన్సూరెన్స్ దగ్గర టీచర్ల యూనియన్‌కీ స్కూల్ బోర్డుకీ పేచీ తెగడం లేదు. మధ్యవర్తిత్వం అయింది, రెండు వైపుల వాదనలూ పరిశీలించి కమిటీ ఇచ్చే ఫ్యాక్ట్ ఫైండింగ్ రిపోర్టూ వచ్చేసింది. ఇక బోర్డు తన చివరి ఆఫర్‌ని అమలు చేయొచ్చు, టీచర్లు సమ్మెకు దిగొచ్చు. 2019లో లాస్ ఏంజెలెస్‌లో ఆరు బడి రోజులు సమ్మె జరిగినా బడులు తెరిచే ఉంచారు. తరగతులన్నీ కలిపి హాల్లో కూర్చోబెట్టారట, అదేం చదువో!

మేమిద్దరం ఆఫీసుకు వెళ్లాలి. అత్తయ్యగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు గానీ, ఈ గడుగ్గాయిని రోజంతా పట్టుకోవడం ఆవిడ వల్ల కాదు. అలాగని గేటు దగ్గర ప్లకార్డు పట్టుకుని నిలబడ్డ టీచర్ ముందు నుంచే పాపను లోపలికి పంపడానికి మనసొప్పట్లేదు. పంపకపోతే ఆబ్సెంట్ వేస్తారా? ఇలాంటి సమ్మె చూసినవాళ్లు మీరేం చేశారో కాస్త చెప్పండి.