ఏప్రిల్ 8 బేస్‌బాల్ చార్టు: ఈ నాలుగు వాక్యాలు ఒకసారి చూస్తారా?

కావలి_షార్ట్‌స్టాప్
హైస్కూల్ నోటీసు బోర్డులో ఏప్రిల్ 8న "బేస్‌బాల్‌లో ఈ రోజు" అని చార్టు పెట్టాల. ఒంటిపూట బడులు కాబట్టి బెల్లు కొట్టేలోపే బోర్డు మీద ఉండాల. చదివేవాళ్లలో ఎక్కువమంది క్రికెట్ పిల్లకాయలే. రాసినవి ఇవి (మేజర్ లీగ్ అంటే అమెరికా, కెనడా జట్ల అగ్రశ్రేణి లీగ్; హోమ్‌రన్ అంటే మన సిక్సరులా బంతిని కంచె దాటించడం):
1969: కెనడాలో మొదటి మేజర్ లీగ్ మ్యాచ్, మాంట్రియల్ గెలుపు.
1974: హాంక్ ఆరన్ 715వ హోమ్‌రన్, ప్రపంచ రికార్డు.
1975: రాబిన్సన్, మేజర్ లీగ్‌లో మొదటి నల్లజాతి ఆటగాడు.
1993: కార్లోస్ బయేర్గా ఒకే మ్యాచ్‌లో రెండు చేతులతో రెండు హోమ్‌రన్లు, చరిత్రలో మొదటిసారి.
ఇంకో అనుమానం. 1974 మ్యాచ్ అక్కడ రాత్రిపూట గదా, మనకు 9వ తేదీ అయిపోద్ది. ఏ తేదీ వెయ్యాల?

ఒంగోలు_స్కోరర్
తేదీ సంగతి ముందు. ఆట ఎక్కడ మొదలైందో ఆ ఊరి తేదీయే లెక్క. ఆరన్ బంతి కంచె దాటింది అట్లాంటాలో రాత్రి 9:07కి. చమురు కొరత వల్ల 1974లో అమెరికా జనవరిలోనే గడియారాలు గంట ముందుకు జరిపింది కాబట్టి, మనకప్పుడు 9వ తేదీ ఉదయం 6:37. అయినా చార్టులో 8 అనే ఉండాల. కావాలంటే "మన టైములో మర్నాడు తెల్లవారి" అని పక్కన రాసుకో.

"ప్రపంచ రికార్డు" మాత్రం కొట్టెయ్. అది మేజర్ లీగ్ కెరీర్ రికార్డు. జపాన్‌లో సదహారు ఓ 868 కొట్టాడు. ఆరన్ చివరికి 755 దగ్గర ఆగాడు, దాన్ని 2007 ఆగస్టు 7న బ్యారీ బాండ్స్ దాటాడు. కాబట్టి "అంతకుముందు రికార్డున్న బేబ్ రూత్ 714ను దాటిన హోమ్‌రన్" అని రాస్తే ఎప్పటికీ తప్పు కాదు.

ఆ ఒక్క బంతి గురించి నాలుగు లైన్లు ఎక్కువ రాసినా పిల్లకాయలు చదువుతారు. 1973 సీజన్ 713తో ముగిసింది, అంటే చలికాలమంతా ఎదురుచూపే. ఏప్రిల్ 4న సిన్సినాటీలో 714. 8వ తేదీ సోమవారం, అట్లాంటాలో ఆరన్ జట్టు బ్రేవ్స్‌కు ఆ సీజన్‌లో తొలి మ్యాచ్, డాడ్జర్స్ జట్టు మీద. రెండో ఇన్నింగ్స్‌లో (బేస్‌బాల్ మ్యాచ్‌కు మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్) ఆరన్‌కు వాక్ (నాలుగు బంతులు గురి తప్పితే కొట్టకుండానే ముందుకు పోవడం) దొరికింది, బ్యాట్ తిప్పే పనే పడలా. నాలుగో ఇన్నింగ్స్‌లో డారెల్ ఎవాన్స్ ఫస్ట్ బేస్ (పరుగు దారిలో మొదటి మజిలీ) మీద ఉన్నాడు. పిచ్చర్ (బంతి విసిరేవాడు) ఆల్ డౌనింగ్, ఎడమచేతి వాటం. మొదటిది బాల్ (గురి తప్పిన బంతి), రెండో బంతే ఎడమ సెంటర్ కంచె అవతలికి. ఫీల్డర్ బిల్ బక్నర్ కంచె ఎక్కి చూశాడు గానీ అందలా. అవతల బ్రేవ్స్ బుల్‌పెన్‌లో (పిచ్చర్లు వార్మప్ చేసే చోటు) ఉన్న టామ్ హౌస్ పట్టుకున్నాడు. ఆరన్ నంబరు 44, డౌనింగ్ నంబరూ 44.

క్రికెట్ పిల్లకాయలు ఇక్కడ తడబడతారు: సిక్సరుకు ఎప్పుడూ ఆరే, హోమ్‌రన్‌కు మాత్రం బేసుల మీద ఎంతమంది ఉంటే అంతమందీ, కొట్టినవాడూ కలిపి పరుగులు. ఎవాన్స్ ఉన్నాడు కాబట్టి రెండు వచ్చి స్కోరు 3-3 అయింది. బ్రేవ్స్ 7-4తో గెలిచారు.

పెన్నా_బుల్‌పెన్
1975 వాక్యం అట్టా పెడితే అందరూ పట్టుకుంటారు. ఇద్దరు రాబిన్సన్లు కలిసిపోయారందులో. ఆధునిక మేజర్ లీగ్‌లో నల్లజాతి ఆటగాళ్లకు తలుపు తెరిచింది జాకీ రాబిన్సన్, తేదీ 1947 ఏప్రిల్ 15. నీకు కావాల్సింది ఫ్రాంక్ రాబిన్సన్, తొలి నల్లజాతి మేనేజరు. ఎవరు ఎన్నో నంబరులో బ్యాటింగు, పిచ్చర్ని ఎప్పుడు మార్చాల, అదంతా తేల్చేవాడే మేనేజరు. క్లీవ్‌లాండ్‌కు ఆడుతూనే ఆ పని చేశాడు. యాంకీస్ మీద రెండో నంబరులో దిగి, మొదటి ఇన్నింగ్స్‌లోనే హోమ్‌రన్ కొట్టాడు. గెలుపు 5-3.

1969లో కెనడా గడ్డ మీద ఏమీ జరగలా. మాంట్రియల్ ఎక్స్‌పోస్ ఆ రోజు ఆడింది న్యూయార్క్‌లో, మెట్స్ మీద 11-10. మాంట్రియల్లో తొలి మ్యాచ్ ఏప్రిల్ 14న. నన్నడిగితే దానికన్నా మంచి వార్త ఆ రోజే ఇంకోటి ఉంది. నాలుగు కొత్త జట్లు ఒకే రోజు మొదలై నాలుగూ గెలిచాయి: ఎక్స్‌పోస్, ఆస్ట్రోస్ మీద 2-1తో శాండియాగో పాడ్రెస్, ట్విన్స్ మీద పన్నెండు ఇన్నింగ్స్ ఆడి 4-3తో కాన్సాస్ సిటీ రాయల్స్, ఏంజెల్స్ మీద 4-3తో సియాటిల్ పైలట్స్. పైలట్స్ ఒక్క సీజనుకే మిల్వాకీకి పోయి బ్రూయర్స్ అయ్యారు. ఆ రోజు ఓడిన మెట్స్ ఏడాది చివర వరల్డ్ సిరీస్ (సీజను చివరి టైటిల్ పోరు) కొట్టారు.

బయేర్గా విషయంలో "మ్యాచ్" తీసేసి "ఇన్నింగ్స్" పెట్టు. ఒకే మ్యాచ్‌లో రెండు వైపుల నుంచీ కొట్టినవాళ్లు చాలామంది. ఒకే ఇన్నింగ్స్‌లో అతనే మొదలు. "రెండు చేతులతో" కూడా వద్దు, బ్యాట్ ఎవరైనా రెండు చేతులతోనే పట్టుకుంటారు, మారేది నిలబడే వైపు. ఏడో ఇన్నింగ్స్‌లో ఎడమచేతి స్టీవ్ హోవ్ మీద కుడివైపు నుంచి ఒకటి, తర్వాత కుడిచేతి స్టీవ్ ఫార్ మీద ఎడమవైపు నుంచి ఒకటి. తొమ్మిదిమందీ అయిపోయి మళ్లీ అతని వంతు రావాల, ఈలోపు పిచ్చర్ చెయ్యి మారాల. అందుకే అంత అరుదు.

కావలి_షార్ట్‌స్టాప్
అన్నలిద్దరికీ థాంక్స్. మిగతా తేదీలు ఎట్టా సరిచూసుకోవాల?

ఒంగోలు_స్కోరర్
రెట్రోషీట్‌లో గానీ బేస్‌బాల్ రిఫరెన్స్‌లో గానీ ఆ మ్యాచ్ బాక్స్ స్కోరు (మ్యాచ్ లెక్కల పట్టిక) తెరువు. బేస్‌బాల్ రిఫరెన్స్ లింకులోనే తేదీ ఉంటది: సొంతగడ్డ జట్టు మూడక్షరాలు, ఆపైన 19740408, చివర 0. ఆ రోజు రెండు మ్యాచ్‌లుంటే చివర 1, 2 వస్తాయి. జట్టు కోడు చూస్తే ఎవరి ఊళ్లో ఆడారో తెలిసిపోద్ది, పై మాంట్రియల్ గొడవ అక్కడే తేలేది.

వానకు ఆగి తర్వాత పూర్తిచేసిన మ్యాచ్‌ల దగ్గర జాగ్రత్త. లెక్కలన్నీ మొదలైన తేదీకే పోతాయి. హువాన్ సోటో 2018 మే 20న అరంగేట్రం చేశాడు. మే 15న ఆగిన మ్యాచ్ జూన్ 18న కొనసాగితే అందులో హోమ్‌రన్ కొట్టాడు. అది మే 15 ఖాతాలో ఉంటది, అరంగేట్రానికి ఐదు రోజుల ముందు!

పెన్నా_బుల్‌పెన్
అడుగున జాగా మిగిలితే పుట్టినరోజులు వేసెయ్. క్యాట్‌ఫిష్ హంటర్ 1946, గ్యారీ కార్టర్ 1954, ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో (బేస్‌బాల్ మేటి ఆటగాళ్ల గౌరవ జాబితా) ఉన్నారు. హంటర్ పర్ఫెక్ట్ గేమ్‌ను (అవతలి జట్టులో ఒక్కరినీ బేస్ ఎక్కనివ్వని మ్యాచ్) మాత్రం దీంట్లో కలపబాక, అది 1968 మే 8. కార్టర్ ఎక్స్‌పోస్ క్యాచర్ (మన వికెట్‌కీపర్ లాంటివాడు) కాబట్టి 1969 లైను కిందే పెడితే సరిపోద్ది.