పాత చీటీ మీద టెట్రాబెనజైన్ తెచ్చుకోవడం తప్పా?

దేవరకొండ దారి:
మా అమ్మకు 62 ఏళ్లు. గ్యాస్ కోసమని లెవోసల్పిరైడ్ కలిసిన క్యాప్సూల్ రెండేళ్లు రోజూ వేసుకుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చారు, ఉపశమనం ఉంది కదా అని మేమూ ఆపలేదు. నిరుడు దీపావళి నాటికి నోరు దానంతట అదే ఆడడం మొదలైంది. ఎప్పుడూ ఏదో నములుతున్నట్టే ఉండేది, నాలుక బయటికి వచ్చి పోయేది. "నానమ్మా, నాకూ పెట్టవా" అని మా చిన్నవాడు చేయి చాపేవాడు. హైదరాబాదులో నరాల డాక్టరు దీన్ని టార్డివ్ డిస్కినీషియా అన్నారు, ఆ క్యాప్సూలే కారణమని ఆపించారు. టెట్రాబెనజైన్ 25 మిల్లీగ్రాముల మాత్ర మొదటి వారం ఉదయం సగం, తరువాత రెండు పూటలా సగం సగం వేయమని, నెలకు మళ్లీ రమ్మని చెప్పారు. నోరు చాలావరకు నిలిచింది. మేము మళ్లీ వెళ్లలేదు. అదే చీటీ చూపి మూడు నెలలుగా ఇక్కడే కొంటున్నాను. మా బావ తప్పంటున్నారు. రానూపోనూ రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, నాకు ఒక రోజు కూలి పోతుంది. గుణం కనిపించాక డాక్టరు దగ్గరికి పరుగెత్తడం ఎందుకు?

మందుల షాపు మనిషి, నల్గొండ:
మీ బావ చెప్పిందే నిజం. ఇలాంటి మందుకు చీటీ మీద ఇన్నిసార్లు ఇవ్వవచ్చని డాక్టరు రాస్తే తప్ప ఒకసారికి మించి అమ్మకూడదు. నియమం అదే.

హాలియా కాలువ:
నియమం చెప్పడానికేం, నోరుంటే చాలు. బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు జిల్లా అంతా పాత చీటీల మీదే నడుస్తున్నాయి. మీరు ఇవ్వనంటే ఏమవుతుంది? మందు అయిపోతుంది, పొలం పని తెమలదు, బస్సెక్కే రోజు వాయిదా పడుతుంది. ఈ మందు ఐదు రోజులకు పైగా ఆగితే మళ్లీ పాత మోతాదు వేయకూడదు, మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. మా చెల్లెలికి ఇలాగే పది రోజులు ఆగింది, వచ్చీ రాగానే పూర్తి మోతాదు వేస్తే రెండు రోజులు మంచం దిగలేదు. కాబట్టి ఆగకుండా తెచ్చుకోవడమే మేలు.

పాలమూరు పంతులు:
ఆగకూడదన్నది ఒప్పుకుంటాను, కానీ బీపీ మాత్రతో పోలిక ఒప్పుకోను. నరాల చివర డోపమైన్, సెరటోనిన్ వంటివి సంచుల్లో నిల్వ ఉంటాయి. ఈ మందు ఆ సంచులను నిండనివ్వదు. అందుకే అక్కరలేని కదలిక తగ్గుతుంది. మోతాదు మించితే కావలసిన కదలికా తగ్గుతుంది, మనసూ కుంగుతుంది. అమెరికాలో 2008లో హంటింగ్టన్ జబ్బుకు, అంటే ఒళ్లు దానంతట అదే ఆడే వంశపారంపర్య నరాల జబ్బుకు, దీన్ని అనుమతించినప్పుడే దిగులు, ఆత్మహత్య ఆలోచనల గురించి పెట్టె కట్టి మరీ హెచ్చరిక వేశారు. మా మామగారికి హంటింగ్టనే. చేతుల విసురు తగ్గిందని ఇల్లంతా సంబరపడ్డాం. ఆయన మాట్లాడడం మానేశారన్నది మాత్రం ఆరు వారాల దాకా ఎవరికీ తట్టలేదు. మోతాదు తగ్గించాక మనిషి తేరుకున్నారు. ఇంట్లో ఎవరైనా చావు మాట ఎత్తితే, నెల తిరిగే దాకా చూడకుండా ఆ రోజే డాక్టరుకు చెప్పండి. 14416కు, అంటే టెలీ మానస్‌కు, ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు.

నర్సమ్మ, మిర్యాలగూడ:
నోరు తగ్గిందన్నారు, సరే. అమ్మ ఎలా నడుస్తున్నారు? పగలు నిద్రపోతున్నారా? ఇంకేం మాత్రలు వేసుకుంటున్నారు? కల్లు అలవాటు ఉందా? అడిగానని ఏమీ అనుకోవద్దు. మన వైపు కల్తీ కల్లులో డైజిపామ్, ఆల్ప్రజోలామ్ కలుపుతారన్నది దాచేస్తే దాగేది కాదు, దానికి ఈ మందు తోడైతే మత్తు రెట్టింపు.

దేవరకొండ దారి:
కల్లు బోనాలకే. నిద్ర మాత్రం బాగా పోతుంది. మీరడిగాక నిన్న మధ్యాహ్నం పక్కన కూర్చుని చూశాను. చింతపండు గింజలు తీస్తోంది. ఒకప్పుడు మాట్లాడుతూనే తట్ట ఖాళీ చేసేది. నిన్న ఒక్కో పెచ్చు దగ్గర చేయి ఆగిపోతోంది, గింజను వేళ్ల మధ్య పట్టుకుని అలాగే చూస్తోంది. లేవబోతే మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. వయసు అనుకున్నాను. మాత్రల డబ్బా వెతికితే ఫ్లూఓక్సెటిన్ 20 దొరికింది. డల్‌గా ఉంటోందని చెబితే నెల కిందట ఆర్‌ఎంపీయే ఇచ్చారట. నాకు తెలియదు.

నర్సమ్మ, మిర్యాలగూడ:
ముడి అక్కడే ఉంది. కాలేయంలో ఈ మందును అరగదీసే ఎంజైమును ఫ్లూఓక్సెటిన్ గట్టిగా అడ్డుకుంటుంది. మీరు వేసేది సగం సగమే అయినా ఒంట్లో దాదాపు రెట్టింపు మోతాదు పని చేస్తూ ఉంటుంది. ఒక మందు తెచ్చిన దిగులుకు ఇంకో మందు వేశారు, అది వెళ్లి మొదటిదాన్ని బలపరిచింది. మీరే ఏదీ ఆపవద్దు, ఈ రోజే డాక్టరుకు ఫోను చేసి రెండు పేర్లూ చదివి వినిపించండి.

హాలియా కాలువ:
ఒకటి అడుగుతాను. రెండో మాత్రను నెల రోజులుగా షాపులో ఎవరూ పట్టుకోలేదే?

మందుల షాపు మనిషి, నల్గొండ:
పట్టుకోలేరు. అది ఆర్‌ఎంపీ చేతి నుంచి వచ్చింది, షాపు బిల్లులో ఉండదు. ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటాను, నా కౌంటర్ దగ్గరైనా సాయంత్రం రద్దీలో "ఇంకేమైనా వాడుతున్నారా" అని అడిగే తీరిక ఉండదు. అందుకే చీటీ మీద ఎన్నిసార్లు అన్నది డాక్టరు చేతే రాయించుకోండి అంటున్నాను. రెండు నెలలకు రాయమంటే చాలామంది రాస్తారు. మీకు కూలి మిగులుతుంది, మాకు భయం ఉండదు.

హాలియా కాలువ:
ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు.

దేవరకొండ దారి:
డాక్టరు ఫోనులో దొరికారు. టెట్రాబెనజైన్ సాయంత్రం వేసే సగం ఆపమన్నారు, శుక్రవారం రెండు స్ట్రిప్పులతో అమ్మను తీసుకురమ్మన్నారు. ఫ్లూఓక్సెటిన్ ఆపినా దాని ప్రభావం కొన్ని వారాలు ఉంటుందట, తొందరపడవద్దన్నారు. ఇప్పుడు ఇంకో సంగతి. అమ్మకు బస్సులో వాంతులు. షాపులో మెటోక్లోప్రమైడ్ ఇస్తామంటున్నారు. వేయవచ్చా?

నర్సమ్మ, మిర్యాలగూడ:
అయ్యో, వద్దు! అదీ ఆ గ్యాస్ క్యాప్సూల్ జాతిదే. ఎక్కువ రోజులు వాడితే ఇదే జబ్బు తెస్తుందని అమెరికాలో 2009 నుంచి హెచ్చరిక ఉంది. అమ్మకు ఒక్క మాత్ర కూడా వేయకండి. తెల్లవారుజాము బస్సుకు ముందు వరుసలో కిటికీ సీటు చూడండి, రెండు ఇడ్లీలు పెట్టండి, చేతికి ఒక నిమ్మకాయ ఇవ్వండి.