బరోలో వగరు తగ్గాలంటే ఎన్నేళ్లు ఆగాలి?

ఇటలీలోని పియెమొంతే ప్రాంతపు నెబ్బియోలో ద్రాక్షతో చేసిన 2019 బరోలో రెడ్ వైన్ సీసాలు నా దగ్గర కొన్ని ఉన్నాయి. ఒకదాన్ని తెరిచి, వెడల్పాటి గాజు పాత్రలో వంపి రెండు గంటలు గాలి తగలనిచ్చి, 18 డిగ్రీల వద్ద తాగినా చిగుళ్లు బిగుసుకుపోయేంత వగరు తగ్గలేదు. మిగిలినది మర్నాడు మాంసం కూరతో తీసుకుంటే కొంత మెత్తబడింది గానీ, ఎంతో ఇష్టపడిన గులాబీ పరిమళం చాలావరకు పోయింది. గ్లాసు అంచున ఇటుక ఛాయ కనిపిస్తోంది, అయితే ఈ ద్రాక్షకు పలచని రంగు సహజమే కనుక దాన్నిబట్టి వయసు అంచనా వేయలేకపోతున్నాను. నిబంధనల ప్రకారం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో, మాగిన వైన్ ఇది. సీసాలను 14 డిగ్రీల వద్ద, చీకట్లో పడుకోబెట్టి ఉంచాను. పరిమళం పోకుండా వగరు మెత్తబడాలంటే ఇంకా ఎన్నేళ్లు ఆగాలో అనుభవమున్నవారు చెప్పగలరా?