ఊరెళ్లాలి, చిలకను ఎవరికి అప్పగించాలి?

బూడిదరెక్క:
మా ఇంట్లో ఆఫ్రికన్ గ్రే చిలక ఉందండీ. వచ్చే నెల ఇంటిల్లిపాదీ ఊరెళ్లాలి, రెండు వారాలకు తక్కువ పట్టదు. మా మరిది వాళ్లింటికి తెచ్చేయమంటున్నాడు, కాకపోతే వాళ్లకో పిల్లి ఉంది. పక్కింటి ఆంటీ రోజుకోసారి వచ్చి గింజలూ నీళ్లూ చూస్తానంటున్నారు. మూడోది పక్షుల బోర్డింగ్, అంటే డబ్బు తీసుకుని పక్షులను చూసుకునే చోటు. మా చిలక నా చేతి మీదికి తప్ప ఎవరి దగ్గరికీ రాదు, మా వారిని కూడా కొరికేస్తుంది. ఎక్కడ వదిలినా తిండి మానేస్తుందేమోనని ఒకటే టెన్షన్. ఇలా వదిలి వెళ్లొచ్చినవాళ్లు ఉంటే చెప్పండి.

రెండుకాకటీల్స్:
పిల్లి ఉన్న ఇల్లు మాత్రం వద్దండీ. "మా పిల్లి ఏమీ చేయదు" అని అందరూ అంటారు. పిల్లి నోట్లో పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది. పైకి చిన్న గీరులాగే కనపడుతుంది గానీ, అది పక్షి రక్తంలోకి వెళ్లిందంటే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే యాంటీబయోటిక్ పడాలి. సరే, పంజరం పిల్లికి అందదనే అనుకుందాం. పొద్దస్తమానం కింద కూర్చుని తననే చూస్తుంటే మీ చిలక ఏం తింటుంది, ఎప్పుడు నిద్రపోతుంది? గ్రేలకు అసలే బెదురెక్కువ. దిగులు పడితే తమ ఈకలు తామే పీక్కుంటాయి, ఆ అలవాటు పట్టుకుంటే మాన్పించడం మహా కష్టం.

వానకోయిల:
బోర్డింగ్ సంగతి నేను చెప్తాను. మా కన్యూర్ (చిన్న రకం చిలక) కోసం రెండు చోట్ల కనుక్కున్నాం. ఒకచోట ఫోన్‌లోనే "ఎప్పుడైనా తెచ్చేయండి, జాగా ఉంది" అన్నారు. ఇంకోచోట తెగ ప్రశ్నలు వేశారు. వయసెంత, ఎక్కడ కొన్నారు, ముక్కు-ఈకల జబ్బుకీ సిటకోసిస్ అనే చిలకల జ్వరానికీ పరీక్ష చేయించారా, ఈ మధ్య ఇంట్లోకి కొత్త పక్షి ఏదైనా వచ్చిందా... విసుగొచ్చిందిగానీ అక్కడే పెట్టాం. మనల్ని ఏమీ అడగనివాళ్లు పక్క పంజరంలో ఉన్నదాని గురించి మాత్రం అడిగి ఉంటారా? ముక్కు-ఈకల జబ్బు వైరస్ ఈకల పొడిలో, ఎండిన రెట్ట దుమ్ములో ఉండి వ్యాపిస్తుంది, దాన్ని నయం చేసే మందు లేదు. సిటకోసిస్ అయితే మనుషులకు కూడా అంటుకుంటుంది. కాబట్టి ఒక గది గాలి ఇంకో గదిలోకి రాకుండా విడిగా పెడతారో లేదో వెళ్లి కళ్లారా చూడండి. ఇంట్లో వేరే పక్షులుంటే, తిరిగి తెచ్చాక నెల, నెలన్నర దూరంగా ఉంచాలి.

పచ్చగూడు:
ఇవన్నీ ఎందుకండీ, వెంట తీసుకెళ్లొచ్చుగా?

బూడిదరెక్క:
వెళ్లేది వేరే దేశానికండీ.

పాతపంజరం:
అయితే ఆ ఆలోచన మానుకోండి. అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్, ఆఫ్రికన్ గ్రే 2017 నుంచి దాని మొదటి అనుబంధంలో, అంటే అన్నిటికన్నా కఠినమైన జాబితాలో ఉంది. పెంపుడుదైనా సరే, సరిహద్దు దాటాలంటే అనుమతి పత్రాలు కావాలి, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అదే తతంగం. కాగితం సరిగ్గా లేకపోతే పక్షిని పట్టేసుకుంటారు. శాశ్వతంగా ఇల్లు మారేవాళ్లకు తప్పదు, సెలవుల కోసం ఆ పాట్లు ఎవరు పడతారు?

నా ఓటు ఆంటీకే. పక్షి ఉన్నచోటే ఉంటే సగం గొడవ తీరుతుంది. అదే కిటికీ, అవే చప్పుళ్లు. కానీ రోజుకోసారి చాలదు, పొద్దునా సాయంత్రం రావాలి.

మూడుబడ్జీలు:
రెండుసార్లు రావడమొక్కటే కాదు, వచ్చి ఏం చూడాలో కూడా చెప్పాలి. మేం లేనప్పుడు మా చిన్నాన్న కొడుకు మా బడ్జీలను, అంటే చిట్టి చిలకలను, చూశాడు. పాపం, ఒక్కరోజు కూడా మానలేదు. ఒకరోజు గిన్నె నిండుగా కనపడుతోంది కదా అని గింజలు మాత్రం వేయలేదు. బడ్జీ గింజను ముక్కుతో వలిచి పప్పు తింటుంది, పొట్టు మళ్లీ అదే గిన్నెలో వదిలేస్తుంది. పైనుంచి చూస్తే అంచుదాకా గింజలే. ఊదితే అంతా ఎగిరిపోతుంది, అడుగున ఒక్కటి ఉండదు. అదృష్టం కొద్దీ ఆ సాయంత్రం మా అత్త అటు వచ్చింది, గిన్నె పట్టుకోగానే తేలిగ్గా ఉందే అని ఊది చూసింది. బడ్జీ అంటే ముప్పై నలభై గ్రాముల ప్రాణి, ఒక రోజంతా తిండి లేకపోతే తట్టుకోలేదు. అప్పట్నుంచి మా ఇంట్లో ఒకటే రూలు. గిన్నె నిండుగా ఉన్నా సరే, పాతది పారబోసి, తుడిచి, కొత్తది వేయాలి.

నీళ్ల సీసా వాడేవాళ్లు గొట్టం చివరి గోళీని వేలితో నొక్కి చుక్క పడుతోందో లేదో రోజూ చూడమనండి. గోళీ ఇరుక్కుంటే సీసా నిండా నీళ్లున్నా పక్షి గొంతు తడవదు.

పచ్చగూడు:
ఆటోమేటిక్ ఫీడర్లు వచ్చాయి కదా?

మూడుబడ్జీలు:
అది గింజలు వేస్తుందిగానీ పక్షి తిన్నదో లేదో చెప్పదు. ఇరుక్కుపోతే వేయడం కూడా మానేస్తుంది. మనిషి రావాల్సిందే.

పాతపంజరం:
మనిషిని ఎంచుకోవడంలో నా లెక్క వేరు. పక్షులంటే ప్రాణం అనేవాళ్లకంటే కాస్త చాదస్తంగా గమనించేవాళ్లు నయం. మా మకావ్‌ను (పెద్ద రకం చిలక) ఒకసారి మా బావగారు చూసుకున్నారు. ఆయనకు దాని అరుపంటేనే పడదు. కానీ జీవితమంతా లెక్కలు రాసిన మనిషి. పంజరం అడుగు కాగితం మార్చేముందు రోజూ ఫోటో తీసి పంపేవారు. ఒకరోజు ఫోటోతో పాటు, "తెల్లగా ఉండేది ఇవాళ లేత పచ్చగా ఉంది, మామూలేనా?" అని మెసేజ్.

రెట్టలో మూడు భాగాలుంటాయి. పచ్చగానో గోధుమరంగులోనో ఉండేది మలం, తెల్లటి ముద్ద యూరేట్, చుట్టూ ఉండే తడి మూత్రం. ఆ తెలుపు పచ్చగానో పసుపుగానో మారిందంటే కాలేయాన్ని అనుమానించాలి. ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు, మందులతో తేరుకుంది. "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో" అని వీడియోలు పంపేవాళ్లకు ఆ రంగు తేడా కనపడదు. పక్షులు జబ్బును దాచుకుంటాయి. ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుందన్నా, ఊపిరి తీసినప్పుడల్లా తోక ఊగుతోందన్నా అప్పటికే బాగా ముదిరినట్టు.

బరువు కూడా చూడాలి. వంటింటి డిజిటల్ కాటా మీద చిన్న కర్ర బిగించి దాని మీదికి ఎక్కడం ఇప్పుడే అలవాటు చేయండి. గ్రేలు సాధారణంగా 400 నుంచి 500 గ్రాములు ఉంటాయి. మీ దాని మామూలు బరువు రాసిపెట్టండి, అందులో పదో వంతు తగ్గితే ఇంక ఆలోచించకుండా డాక్టర్ దగ్గరికే.

బూడిదరెక్క:
ఇది బాగుంది. కానీ ఆంటీ చేతికి రాదుగా, కాటా ఎలా ఎక్కిస్తారు?

పాతపంజరం:
చేతి మీదికి రాకపోయినా చేతిలోని కర్ర మీదికి వస్తుంది, అది వేరే పాఠం. ఆవిడను ఇప్పట్నుంచే రమ్మనండి. మొదట మీరు పక్కనే ఉండండి, తర్వాత పక్కగదిలోకి వెళ్లండి, చివరికి మీరంతా ఒక రాత్రి బయట ఉండి చూడండి. ఏం తేడా వచ్చినా అప్పుడే తెలుస్తుంది. దానికి అన్నిటికన్నా ఇష్టమైన తిండి ఆవిడ చేతి నుంచే అందాలి, ఆ రోజుల్లో మీరు ఇవ్వకండి. ముద్దు చేయాలనీ ఎక్కించుకోవాలనీ ఆవిడను పట్టుబట్టొద్దనండి. గిన్నెలు బయటి నుంచే తిప్పి తీసే పంజరమైతే చేయి లోపల పెట్టే పనే లేదు.

తప్పనిసరై తువ్వాలుతో పట్టుకోవాల్సి వస్తే ఛాతీ నొక్కకూడదని మాత్రం గట్టిగా చెప్పండి. పక్షులకు మనలా డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఊపిరాడించే కండరం) లేదు, రొమ్ము ఎముక కదిలితేనే ఊపిరి. గట్టిగా పట్టుకుంటే చేతుల్లోనే పోతుంది.

డాక్టర్‌కు కూడా ముందే చెప్పి ఉంచండి. ఫలానా ఆవిడ తీసుకొస్తే వైద్యం చేయండి, ఇంతవరకూ ఖర్చు మాది అని రాసి సంతకం పెట్టివ్వండి. మీరు విమానంలో ఉండి ఫోన్ కలవకపోతే ఆ కాగితమే ఆధారం.

మందులపెట్టె:
అందరూ ఇల్లే మేలంటున్నారు, మా విషయంలో అది కుదరదు. మా కాకటూకి (ఇదీ ఒక రకం చిలకే) మూర్ఛ ఉంది, పూటపూటా సిరంజితో మందు పట్టాలి. అలవాటు లేని చేయి పడితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే పక్షుల క్లినిక్‌లోనే వదులుతాం. జబ్బు పక్షుల మధ్య పెడతారా అని బంధువులు సాధిస్తారు, వాళ్ల భయం కూడా నిజమే. కానీ మాకు మందు ఆగితేనే పెద్ద ప్రమాదం. క్లినిక్ ఎంచుకునేవాళ్లు ఒకటి అడగండి, రాత్రిపూట అక్కడ మనిషి ఉంటాడా అని. చాలాచోట్ల తాళం వేసి వెళ్లిపోతారు.

రెండుకాకటీల్స్:
రాత్రి అంటే గుర్తొచ్చింది. మరిదిగారినే మీ ఇంటికొచ్చి పడుకోమనొచ్చు కదా? పిల్లి వాళ్లింట్లోనే ఉంటుంది, ఈయన ఇక్కడుంటారు. వచ్చాక బట్టలు మార్చుకుని చేతులు కడుక్కుంటే చాలు. ఇంట్లో లైట్లు వెలుగుతూ మనిషి అలికిడి ఉంటే పక్షి కుదురుగా ఉంటుంది. చీకట్లో ఏదో చప్పుడైతే కాకటీల్స్ (జుట్టున్న చిన్న చిలకలు) బెదిరి పంజరంలో కొట్టుకుని రెక్కలు విరగ్గొట్టుకుంటాయి. మేం చిన్న బెడ్‌లైటు ఉంచుతాం. పది పన్నెండు గంటల నిద్ర కావాలి మీ చిలకకు, అర్ధరాత్రిదాకా అదే గదిలో టీవీ పెట్టొద్దనండి.

వానకోయిల:
ఐడియా బాగుంది, కానీ మరిదిగారు వంట చేసుకుంటే నాన్‌స్టిక్ పాత్రలన్నీ ముందే అటక మీద పెట్టేయండి. పెనం ఖాళీగా మంట మీద మర్చిపోతే చాలు, ఆ పూత నుంచి వచ్చే పొగ మనకు పెద్దగా తెలియకపోవచ్చు, చిలక మాత్రం నిమిషాల్లో పడిపోతుంది. పక్షి ఊపిరితిత్తులు గాలిలో ఉన్నదాన్ని మనకంటే ఎక్కువగా లాగేసుకుంటాయి. కొన్ని ఎయిర్ ఫ్రయర్లకూ ఇస్త్రీపెట్టెలకూ అదే పూత ఉంటుంది. రూమ్ స్ప్రే, దోమల స్ప్రే కూడా వద్దు. తినేవాటిలో అవకాడో, చాక్లెట్, కాఫీ పెట్టకూడదని ఫ్రిజ్ మీద రాసి అంటించండి. కోసిన పండు, ఉడికించినవి రెండు గంటల తర్వాత తీసేయాలి.

పచ్చగూడు:
కెమెరా పెట్టుకుని ఫోన్‌లోంచి మాట్లాడితే పక్షికి బెంగ తగ్గదా?

పాతపంజరం:
చూడ్డానికి పెట్టుకోండి, మాట్లాడకండి. మా మకావ్ నా గొంతు విని ఇల్లంతా దద్దరిల్లేలా పిలిచింది, చాలాసేపు తలుపు వైపే చూసింది. మనకు తృప్తి, దానికి వెతుకులాట.

మూడుబడ్జీలు:
మా వాటికేమో రేడియో పెడితే హాయిగా ఉంటాయి. ఒక్కోదాని తీరు ఒక్కోలా ఉంటుంది లెండి.

మందులపెట్టె:
ఎగిరిపోవడం గురించి ఎవరూ అనలేదు. కొత్తవాళ్లు వచ్చి వెళ్లేటప్పుడే తలుపు తెరిచి ఉంటుంది. నాదొకటే సలహా, మీరు లేనన్నాళ్లూ చిలకను బయటికి వదలొద్దనండి. వదలాల్సి వస్తే కిటికీలు, ఫ్యాన్ చూసుకుని వదలాలి. రెక్కలు కత్తిరించాం కదా అని నమ్మకం వద్దు, గాలి వీస్తే అవీ ఎగురుతాయి. గ్రేలు గడియ తీయడం నేర్చుకుంటాయి కాబట్టి మర తిప్పే కొక్కెం వేయండి. కాలి రింగు నంబరు, దగ్గరి నుంచి తీసిన ఫోటో ఆంటీ ఫోన్లో ఉండాలి. పొరపాటున పోతే దాని పంజరాన్నే తలుపు తెరిచి బయట ఎత్తులో పెట్టాలి, లోపల తిండి ఉంచాలి. అప్పుడు మాత్రం మీ గొంతు రికార్డింగ్ పనికొస్తుంది.

బూడిదరెక్క:
అందరికీ థాంక్సండీ. ఆంటీ రెండు పూటలా వస్తానన్నారు, మరిది రాత్రిళ్లు పడుకుంటానన్నాడు. కాటా బయటికి తీశాను, చిలక దాన్ని చూసి ఇంకా దూరంగానే ఉంది. రేపు ఆంటీ మొదటిసారి వస్తున్నారు. ఇంకేమైనా చెప్పాలా ఆవిడకి?

రెండుకాకటీల్స్:
చెవికమ్మలు, మెడలో గొలుసు ఇంట్లో తీసేసి రమ్మనండి. ముక్కుకు అందితే లాగకుండా ఉండదు.